‘దిగు’ అనకుండా ఉండటానికి నాకు పట్టిన కాలం

రెండేళ్ల కిందట నా కాలు బెణికింది. చివరి మెట్టు చూసుకోకుండా అడుగేశాను, అంతే. మూడు వారాలు బండి నడపకూడదన్నారు. ఆ మూడు వారాలూ మావాడు ఇంట్లోనే ఉండిపోయాడు. వాడు వెళ్లే శిక్షణ కేంద్రం తొమ్మిది స్టాపుల దూరం. మా వీధి చివర ఎక్కితే ఆ కేంద్రం గేటు ముందు దించే బస్సు ఒకటుంది, పన్నెండో నంబరు. అయినా వాణ్ణి బస్సులో పంపుదామన్న మాట నేనూ అనలేదు, మా ఆవిడా అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. వాడికి ఆరేళ్లప్పుడు ఒకసారి ప్రయత్నించాం. బస్సు వచ్చి ఆగి బుస్సుమని గాలి వదిలింది. వాడు చెవులు మూసుకుని ఫుట్‌పాత్ మీద బోర్లా పడుకున్నాడు. లేపబోతే నా ముంజేయి కొరికాడు. గారాబం ఎక్కువైందని ఒకరు, రెండు తగిలిస్తే దారికొస్తాడని ఇంకొకరు. వాళ్ల సలహాలు పూర్తయ్యేలోపు బస్సు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఏడేళ్లపాటు వాడి ప్రయాణమంటే నా బండి వెనక సీటే.

మావాడికి ఆటిజం. మాటలున్నాయి గానీ ఎక్కువగా మన మాటలే తిరిగి మనకు వస్తాయి. దీన్ని ఎకోలాలియా అంటారు. చిన్నప్పుడు ‘నీళ్లు తాగుతావా?’ అని మేం అడిగేవాళ్లం. ఇప్పుడు దాహం వేస్తే వాడే వచ్చి ‘నీళ్లు తాగుతావా?’ అంటాడు. ‘తాగుతాను’ అని దానర్థం. తెలుగులో నేనూ నువ్వూ క్రియ చివరనే ఉంటాయి కాబట్టి, ఆ చివర మారకపోతే మాట్లాడే మనిషే మారిపోతాడు. ఇంట్లో మాకిది అలవాటే. బయటివాళ్లు మాత్రం ‘వద్దు బాబూ, నేను తాగను’ అని జవాబిచ్చి వెళ్లిపోతుంటారు.

కాలు నయమయ్యాక కేంద్రంలోని స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్‌ను అడిగాను, వీడికి బస్సు నేర్పవచ్చా అని. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. బస్సు ప్రయాణంలో ఏయే పనులుంటాయో రాసుకు రమ్మన్నారు. టాస్క్ అనాలిసిస్ అంటారట, ఒక పనిని ముక్కలు ముక్కలుగా విడదీయడం. నేను అక్కడే కూర్చుని ఏడు పనులు రాశాను. ఆవిడ చూసి, ‘మీరు ఈ మధ్య బస్సెక్కారా?’ అని అడిగారు. మర్నాడు ఎక్కి, జేబులో కాగితం పెట్టుకుని, చేసిన ప్రతి పనీ రాసుకున్నాను. ముప్ఫై ఒకటి తేలాయి. బస్సు కనబడగానే అడుగు ముందుకు వేస్తాం, దిగేవాళ్లు దిగేదాకా పక్కకు జరుగుతాం, బస్సు కదలకముందే కడ్డీ పట్టుకుంటాం, మన స్టాపుకు ఒక స్టాపు ముందే లేస్తాం. ఇవేవీ నాకెవరూ నేర్పలేదు, చూసి వచ్చేశాయి. చూసి నేర్చుకోవడమే మావాడికి అన్నిటికన్నా కష్టం.

మొదటి పనికే నెలన్నర పట్టింది. అది బస్సెక్కడం కాదు, బస్సు చప్పుడు వినడం.

శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివి మామూలుకన్నా ఎక్కువగానో తక్కువగానో తగలడం 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చే రోగనిర్ధారణ పుస్తకంలో, ఆటిజం లక్షణాల జాబితాలో చేరింది. మాకు అది ముంజేతి మీద పడిన పళ్ల గాట్లతో అంతకుముందే తెలుసు. తెలియనిదల్లా, వాణ్ణి అంతగా భయపెట్టే చప్పుడు ఏది అన్నదే. బస్సుల షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్‌ను అడిగితే అరగంట నిలబెట్టి చెప్పాడు. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. డ్రైవరు పెడల్ మీంచి కాలు తీయగానే బ్రేకుల్లోని గాలి బయటకు పోతుంది, అదొక చప్పుడు. తలుపులు గాలితో తెరుచుకునే బస్సైతే వాటిది మరొకటి. మూడోది ఎయిర్ డ్రయర్‌ది. ట్యాంకుల్లో గాలి కావలసినంత నిండగానే ఆ భాగం తనలో చేరిన తేమను ఒక్క ఊపున బయటకు కక్కేస్తుంది. బస్సు ఆగి ఉన్నా, నడుస్తున్నా అది రావచ్చు. ముందు సూచనంటూ ఏమీ ఉండదు.

ఆ మూడింటినీ ఫోనులో రికార్డు చేసుకొచ్చాను. బాగా తగ్గించిన శబ్దంతో, నొక్కే మీట వాడి చేతికే ఇచ్చి మొదలుపెట్టాం. తను నొక్కితే వచ్చే చప్పుడు, ఎటునుంచో మీద పడే చప్పుడు ఒకటి కావు. పది రోజులకు వాడే శబ్దం పెంచుకున్నాడు. ఆ తర్వాత సాయంత్రాలు బస్‌స్టేషన్‌కు వెళ్లి, బాగా దూరంగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాళ్లం. రోజులు గడిచే కొద్దీ ఒక్కో బెంచీ ముందుకు జరిగాం. ఒక రోజు వాడు చెవుల మీంచి చేతులు తీయకుండానే ‘బ్రేకు’ అన్నాడు. ఇంకాసేపటికి ‘తలుపు’. ఆ తర్వాత ఎక్కడో ఆగి ఉన్న ఖాళీ బస్సు ఉన్నట్టుండి బుస్సుమంది. వాడు ఉలిక్కిపడి, కాసేపు దాన్ని చూసి, ‘ఊరికే’ అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎయిర్ డ్రయర్ పేరు ‘ఊరికే’. దానికి ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. కానీ పేరున్న చప్పుడుకు ఎవరూ నేల మీద పడుకోరు.

చెవులకు పెట్టుకునే మఫ్‌లు కూడా కొన్నాం. అవి సీట్లో కూర్చున్నాకే. రోడ్డు మీద పెట్టుకుంటే హారను వినబడదు.

తర్వాతది సోషల్ స్టోరీ. కరోల్ గ్రే అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి. జరగబోయేదాన్ని పిల్లవాడే చెబుతున్నట్టు చిన్న చిన్న వాక్యాల్లో, బొమ్మలతో రాయాలి. నేను రాత్రంతా కూర్చుని పన్నెండు వాక్యాలు రాశాను. ‘నేను బస్సులో అరవను. నేను బుద్ధిగా కూర్చుంటాను. నేను ఎవరినీ నెట్టను.’ మేడమ్ ఎర్ర పెన్నుతో లెక్కపెట్టారు. పన్నెండింటిలో పదకొండు ఆజ్ఞలే. ఏం చేయాలో చెప్పే వాక్యం ఒకటుంటే, అక్కడ ఏం జరుగుతుందో చెప్పేవి కనీసం రెండు ఉండాలట. నేను రాసింది వాడి కథ కాదు, నా భయాల జాబితా.

రెండోసారి బాగానే రాశాను, ఒక్క వాక్యం తప్ప. ‘బస్సు 8:10కి వస్తుంది.’ వాడి చేతికి అంకెల గడియారం ఉంది. 8:11 అయ్యేసరికి వాడు తన చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడి లెక్కలో నేను అబద్ధం రాశాను. బస్సులు ఆలస్యంగా రావడం లోకసహజమని నాకు తెలుసు, పుస్తకంలో రాసింది జరగాలని వాడికి తెలుసు. ఆ వాక్యం ఇలా మార్చాను: ‘బస్సు 8:05కీ 8:25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 8:25 దాటితే తర్వాతి బస్సు వస్తుంది. అది కూడా పన్నెండే.’ వాడు దాన్ని అద్దంలో చూసుకున్నట్టు రోజూ చూసుకునేవాడు. ఎదురుచూడటం వాడికి కష్టం కాదని అప్పుడు అర్థమైంది. ఎంతసేపో తెలియకపోవడమే కష్టం.

ఇక బస్సు. మేడమ్ మమ్మల్ని చివరి నుంచి మొదలుపెట్టమన్నారు. నేను వాణ్ణి బండి మీద ఎనిమిదో స్టాపు దాకా తీసుకెళ్లి, బండి అక్కడ పెట్టి, ఇద్దరం బస్సెక్కి, తొమ్మిదో స్టాపులో దిగి కేంద్రంలోకి నడవాలి. తర్వాత నేను వెనక్కు నడిచి బండి తెచ్చుకోవాలి. నాకిది వెర్రిగా తోచింది. బస్సెక్కి గట్టిగా నాలుగు నిమిషాలు కూడా ఉండం. కానీ ఆ నాలుగు నిమిషాల చివర వాడికి ఇష్టమైన చోటు ఉంది, వాడి కుర్చీ, వాడు పూసలు గుచ్చే బల్ల ఉన్నాయి. బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటే ఇదే. గొలుసులో చివరి కొస ముందు వచ్చేస్తే, కొత్తగా చేర్చే ప్రతి ముక్కా తెలిసినదాంట్లోకే దారి తీస్తుంది. పది రోజులకు ఏడో స్టాపు నుంచి, ఆ తర్వాత ఆరో స్టాపు నుంచి. మూడున్నర నెలలకు మా వీధి చివరికి చేరాం.

సీటు దగ్గర రెండు వారాలు చిక్కుకుపోయాం. ఎడమ వైపు వరసలో కిటికీ పక్కన మూడో సీటు మొదటి రోజు ఖాళీగా దొరికింది. అంతే, అది వాడిదైపోయింది. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే ఈ పట్టుదల ఉంది, అంతా ఎప్పుడూ ఒకేలా ఉండాలని. అందులో ‘నేను’, ‘నువ్వు’ తిరగేసి వాడటమూ ఉంది. ఎనభై ఏళ్ల కిందటి పిల్లల్లో మావాణ్ణి చూసుకుని నాకేదో ధైర్యం కలిగింది, ఎందుకో చెప్పలేను. అయితే కానర్‌ను తలచుకుంటే సీట్లో కూర్చున్న పెద్దాయన లేవడు కదా. మేడమ్ సలహా మీద ఒక కార్డు రాశాం: ఒకటి, మూడో సీటు, రెండు, ఏ కిటికీ సీటైనా, మూడు, ఏ సీటైనా, నాలుగు, పసుపు కడ్డీ. సీటు మీద పట్టుదల ఆ వరస మీదికి మళ్లింది. ఇప్పుడు మూడో సీటు ఖాళీ లేకపోతే ‘రెండు’ అని గట్టిగా అనుకుని వెళ్తాడు.

అంతా బాగుందనుకున్నాను. వాడు రోజూ నాతో ఎక్కుతున్నాడు, కూర్చుంటున్నాడు, దిగుతున్నాడు.

ఒక సోమవారం నాకు గొంతు పోయింది. జలుబు ముదిరి మాట పెగలడం లేదు. మామూలుగా వెళ్లాం. వాడు సీట్లో, నేను పక్కన. కేంద్రం గేటు కనబడింది, బస్సు ఆగింది. వాడు లేవలేదు. ఎందుకా అని తల తిప్పి చూశాను. వాడు కిటికీలోంచి బయటకు చూడటం లేదు, నా పెదాల వైపు చూస్తున్నాడు. నాలుగు నెలలుగా ఆ స్టాపు రాగానే అక్కడి నుంచి ‘దిగు’ అన్న మాట వచ్చేది. ఈ రోజు రాలేదు. బస్సు కదిలింది. వాడి కళ్లు ఇంకా నా పెదాల మీదే ఉన్నాయి. ఇద్దరం చివరి స్టాపు దాకా వెళ్లాం.

నేను నేర్పింది బస్సు దిగడం కాదు, నాన్న దిగమంటే దిగడం. ‘లే’, ‘పట్టుకో’, ‘జరుగు’, ‘దిగు’. ముప్ఫై ఒక్క పనుల్లో కనీసం ఇరవై నా నోట్లోంచే వస్తున్నాయి. మేడమ్ ఆశ్చర్యపోలేదు. ‘నోటిమాట ఇవ్వడం తేలిక, తీసేయడం కష్టం. అందుకే బొమ్మలు వాడమనేది’ అన్నారు. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెప్పలేదని నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి పాత కాగితాలు తిరగేస్తే మొదటి పేజీలోనే, నా చేతిరాతతోనే ఉంది: ‘తక్కువ మాట్లాడాలి.’

అక్కడి నుంచి నా శిక్షణ మొదలైంది. మాట బదులు బొమ్మలు. తొమ్మిది స్టాపులకూ తొమ్మిది ఫోటోలు తీసి, ఒక పట్టీ మీద వెల్‌క్రోతో వరసగా అంటించాం. ఒక్కో స్టాపు దాటగానే దాని ఫోటో పీకి సంచిలో వేసుకుంటాడు. ఒక్క ఫోటో మిగిలితే లేవాలి. ఐదో స్టాపుకు గుర్తుగా నేను పెద్ద హోర్డింగ్‌ను ఫోటో తీశాను, తెలివితక్కువగా. మూడు వారాలకు ప్రకటన మారింది. వాడి దృష్టిలో ఆ స్టాపే మాయమైంది. మళ్లీ వెళ్లి నీళ్ల ట్యాంకును తీశాను. నీళ్ల ట్యాంకు రంగు వేస్తే తప్ప మారదు.

నేను మాత్రం ఏదైనా అనాలనిపించినప్పుడల్లా మనసులో పది లెక్కపెట్టాలి. ఆ పది అంకెలు ఎంత పొడుగో నాకు తెలియదు అప్పటిదాకా. స్టాపు వస్తుంది, వాడు కదలడు, ఐదు, ఆరు, నా మోకాలు దానంతట అదే లేవబోతుంది, ఏడు, అప్పుడు వాడు నిదానంగా ఫోటో పీకి లేచి నిలబడతాడు. ఇన్నాళ్లూ నేను మూడు దగ్గరే నోరు తెరిచేవాణ్ణి. వాడికి ఏడు కావాలి. మాట నుంచి వేలు చూపించడానికి, వేలి నుంచి కంటిచూపుకు, అక్కడి నుంచి వెనక సీటుకు, వెనక సీటు నుంచి బస్సు చివరికి జరగడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో కొత్తగా నేర్చుకున్నది ఎక్కువగా నేనే.

తిరుగు ప్రయాణం మరో కథ. ఫోటోల పట్టీని తలకిందులు చేస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. అవతలి వైపు నుంచి చూస్తే నీళ్ల ట్యాంకు వేరే ట్యాంకు. తొమ్మిది ఫోటోలూ మళ్లీ తీసి, మళ్లీ చివరి నుంచి మొదలుపెట్టాం. పైగా రోడ్డు దాటాలి, సాయంత్రం రద్దీ. ఇప్పటికీ సాయంత్రం నేనో మా ఆవిడో వెంట ఉంటాం.

ఉదయానికి మిగిలింది ఒకటే, అనుకున్నట్టు జరగకపోతే ఏం చేయాలన్నది. ఇది మాత్రం కావాలని పాడుచేసి నేర్పాల్సిందే. కావాలనే స్టాపు దాటించాం. ఆ రోజు వాడు ఏడ్చాడు, నాకూ కన్నీళ్లొచ్చాయి, మేడమ్ మీద మళ్లీ కోపం వచ్చింది. కార్డు ఒకటి: ‘దిగు. స్టాపులో నిలబడు. నాన్న బొమ్మ నొక్కు.’ ఫోనులో నా ఫోటో నొక్కితే నాకు మెసేజీ వస్తుంది, వాడున్న చోటు కూడా తెలుస్తుంది. ఫోనులో మాట్లాడటం వాడికి రాదు, అందుకే నేను చేసి అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలు రెండే అడుగుతాను. ఆరేడుసార్లు దాటించాక ఏడుపు తగ్గింది.

మెడలో ఒక కార్డు వేయాలా వద్దా అని మా ఇద్దరికీ వారం వాదన జరిగింది. బయటికి కనబడని వైకల్యాలున్నవాళ్లకు పొద్దుతిరుగుడు పూల పట్టీ వేసే పద్ధతి 2016లో గాట్విక్ విమానాశ్రయంలో మొదలై చాలా దేశాలకు పాకింది. మా ఆవిడకు అది నచ్చింది. నాకు నచ్చలేదు. సాయం చేసేవాళ్లకు కనబడేది, మోసం చేసేవాళ్లకూ కనబడుతుంది. చివరికి కార్డు జేబులోకి చేరింది. ‘నాకు ఆటిజం. నాతో నెమ్మదిగా మాట్లాడండి. నన్ను పట్టుకుని లాగకండి’ అని రాసి, కింద మా నంబరు. యూనిఫాం ఉన్నవాళ్లకే ఇవ్వాలని నేర్పాం. ఆ లాగకండి అన్న మాట కోసం నేను పట్టుబట్టాను. మంచివాళ్లే ఎక్కువగా చేయి పట్టుకుని లాగుతారు.

మొదటిసారి ఒంటరిగా పంపిన రోజు నేను బండి మీద బస్సు వెనకే వెళ్లాను. వెనక అద్దంలోంచి వాడి తల కనబడుతూనే ఉంది. సరిగ్గా దిగాడు. అలా పన్నెండు రోజులు వెంబడించాను. పదమూడో రోజు మేడమ్ నన్ను ఇంట్లో కూర్చోమన్నారు. ఆ రోజే రోడ్డు తవ్వారు.

8:40కి మెసేజీ వచ్చింది. మ్యాపులో వాడి చుక్క మా దారిలో లేదు, ఆరో స్టాపు పక్క వీధిలో ఉంది. ఫోను చేశాను. ‘బస్సులో ఉన్నావా?’ ‘అవును.’ ‘ఫోటోలు తప్పాయా?’ ‘అవును.’ ఇంకేం అడగాలో తెలియలేదు. అంతలో వేరే గొంతు వినబడింది, కండక్టరుది. ‘సార్, బాబు కార్డు ఇచ్చాడు. రోడ్డు పనుల వల్ల చుట్టూ తిరిగి వెళ్తున్నాం. గేటు దగ్గరే దిగుతాడు, కంగారు పడకండి.’ కార్డు ఇచ్చాడు. ఆ ముక్క నేనెప్పుడూ వాడి చేత నిజంగా చేయించలేదు, ఇంట్లో ఆటలా ఆడామంతే.

వాడు దిగాడని 9:02కి మేడమ్ మెసేజీ పెట్టారు. ఆ ఇరవై రెండు నిమిషాల గురించి ఏమీ రాయను.

ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు. ఒంటరిగా వెళ్లగలిగేది ఈ ఒక్క దారిలోనే, ఉదయం పూటే. పద్నాలుగో నంబరు కూడా అదే గేటు ముందు ఆగుతుందని వాడికి చెప్పి ఏడాది అయింది, వాడు ఇంకా ఎక్కలేదు. పన్నెండు వచ్చేదాకా నిలబడతాడు.

పోయిన నెల నాకు అటువైపే పని పడి వాడితో బస్సెక్కాను. వాడు మూడో సీట్లో, నేను వెనక. ఎనిమిదో స్టాపు దాటాక ఫోటో పీకి సంచిలో వేసుకున్నాడు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను, లెక్కపెట్టలేదు. వాడు లేచి, పసుపు కడ్డీ పట్టుకుని, నా వైపు తిరిగి ‘దిగుతావా?’ అన్నాడు.

తను దిగుతానని చెప్పాడో, నన్ను అడిగాడో తెలియలేదు. లేచి వాడి వెనక నిలబడ్డాను.